సమాధిలో పెట్టిన వస్తువు ఎవరి కొరకు?

ఒక గ్రామములో మరణము సంభవించినదనుకొనుడి. శవపేటికకు మూత వేయుటకు ముందు బంధువులు చుట్టు నిలిచియున్నారు. అప్పుడు ఒక తల్లి ముందుకు వచ్చి, చనిపోయిన తన బిడ్డ పలకను పెట్టెలో పెట్టగోరును. లేదా ఒక విధవరాలు తన భర్త దినదినము చదువుకొనిన బైబిలును ఆయన ప్రక్కన ఉంచగోరును. లేదా ఒక ముసలి అవ్వ, తన పుట్టింటి పెద్దలు చేసిన అలవాటు చొప్పున, ఒక రూపాయి బిళ్లను మనుమని గుప్పిటిలో పెట్టును. వెంటనే గుంపులో గొణుగుడు పుట్టును. "ఇది అన్యుల ఆచారము, తీసివేయండి" అని ఒకరందురు. "పోనివ్వండి పెద్దయ్యా, తల్లి మనసు" అని మరియొకరందురు. అప్పుడు పాస్టరుగారు ఏమి చెప్పవలెను? సంఘపు పెద్దలు ఏమి చేయవలెను?

ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని చిన్నది కాదు. ఏలయనగా ఆ వస్తువును చూచి మనము ఒక మనుష్యుని విశ్వాసమునకు తీర్పు తీర్చుచున్నాము. "ఈమె ఇంకను పూర్తిగా మారలేదు" అని ఆ గుంటయొద్దనే నిర్ణయించి, ఆ మాటను ఇంటికి మోసికొని పోవుచున్నాము. ఆ తల్లి బిడ్డను పోగొట్టుకొనిన దినముననే సంఘములో తన మంచి పేరునుకూడ పోగొట్టుకొనుచున్నది. ఇట్టి తీర్పు చేయుటకు మనకు ఆధారమేమి? సమాధిలోని వస్తువు హృదయములోని విశ్వాసమును తెలుపగలదా? ఈ ప్రశ్నకు, పదుమూడు పదునాలుగు వందల సంవత్సరముల క్రిందట ఐరోపా ఖండములో పాతిపెట్టబడినవారు తమ సమాధులలోనుండి ఇచ్చు ఉత్తరము వినదగినది.

క్రీస్తు శకము 476లో పశ్చిమ రోమా సామ్రాజ్యపు కడపటి చక్రవర్తి పదవినుండి త్రోసివేయబడెను. ఆ కాలమున ఫ్రాంకులు అను జనులు నేటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతములలోను, ఆంగ్లులు, సాక్సనులు అను జనులు ఇంగ్లండులోను స్థిరపడి రాజ్యములు కట్టుకొనిరి. వీరు తమ మృతులను అలంకరించి పాతిపెట్టుచుండిరి. స్త్రీయైనయెడల ఆమె వస్త్రమును బిగించు లోహపు పిన్నులును పూసల దండలును ఆమెతోకూడ పోవుచుండెను. పురుషుడైనయెడల ఈటెయు డాలును, గొప్పవాడైనయెడల ఖడ్గమునుకూడ ఉంచుచుండిరి. చిన్న కత్తి, కుండ, దువ్వెన మొదలైనవి సామాన్యుల సమాధులలోను దొరకుచున్నవి. మన తెలుగు నాట కొన్ని గ్రామముల ప్రక్కన రాక్షసగుళ్లని పిలువబడు ప్రాచీన సమాధులలోను కుండలును ఇనుప పనిముట్లును బయటపడినవి గదా. దుఃఖించు మనుష్యులు అనేక దేశములలో చేసిన పనియే ఇది.

ఐరోపాలో ఈ సమాధులను త్రవ్విన మొదటి పండితులు ఒక సులభమైన సూత్రము పెట్టుకొనిరి. వస్తువులున్న సమాధి అన్యునిది. వస్తువులు లేక, తల పడమరకును పాదములు తూర్పునకును ఉంచబడిన సమాధి క్రైస్తవునిది. ఈ సూత్రము చూచుటకు చక్కగానే యుండెను. మన గ్రామములో పెట్టెయొద్ద గొణుగువారి సూత్రమును ఇదియే. అయితే త్రవ్వకములు పెరిగిన కొలది సమాధులు ఈ సూత్రమునకు లోబడలేదు. అన్యులును అనేక చోట్ల తూర్పు పడమరలుగానే పాతిపెట్టిరని తేలినది. వస్తువుల సంగతి మరింత చిక్కుగా కనబడినది. కొన్ని దృష్టాంతములు చూతము.

2011లో ఇంగ్లండునందు కేంబ్రిడ్జి నగరపు అంచుననున్న ట్రంపింగ్టన్ అను చోట ఏడవ శతాబ్దపు సమాధి యొకటి బయటపడెను. అందులో సుమారు 16 ఏండ్ల యువతి పాతిపెట్టబడియుండెను. ఆమెను ఒక మంచముమీద పరుండబెట్టి ఆ మంచముతోనే భూస్థాపన చేసిరి. కఱ్ఱ మట్టిలో కలిసిపోయెను గాని దానిని బిగించిన ఇనుప సామాను మిగిలెను. ఆమెయొద్ద ఒక కత్తియు పూసలును ఉండెను. ఆమె రొమ్ముమీద, వస్త్రమునకు కుట్టబడినదై, ఎర్రని రాళ్లు పొదిగిన చిన్న బంగారు సిలువ యుండెను. ఆమె యెముకలను పరీక్షించినవారు 2023లో తెలిపినదేమనగా, ఈ చిన్నది ఇంగ్లండులో పుట్టినది కాదు; ఆల్ప్స్ పర్వతముల దాపుననున్న దేశమునుండి, బహుశః దక్షిణ జర్మనీనుండి, ఏడేండ్లు దాటిన తరువాత వచ్చియుండును. పరదేశములో మరణించిన పిల్ల! మంచమును కత్తిని చూచి ఈమెను అన్యురాలందుమా? సిలువను చూచి విశ్వాసురాలందుమా?

జర్మనీలోని కొలోను నగరపు మహాదేవాలయము క్రింద 1959లో త్రవ్వగా ఆరవ శతాబ్దపు రెండు సమాధులు కనబడెను. ఒకటి గొప్ప యింటి స్త్రీది, మరియొకటి సుమారు ఆరేండ్ల బాలునిది. ఆ బాలుని సమాధిలో చిన్న మంచము, చిన్న కుర్చీ, వాని తలకు సరిపడునట్లు చేసిన చిన్న శిరస్త్రాణము ఉండెను. వాటితోకూడ పెద్దవారు పట్టు ఆయుధములనుకూడ పెట్టిరి. ఆరేండ్లవాడు ఆ ఖడ్గమును ఎత్తగలడా? ఎన్నడును ఎత్తలేదు. పెరిగి పెద్దవాడైయుంటే ఎత్తియుండునని వానివారు తలంచిరి కాబోలు. ఆ ఖడ్గము వాని జీవితమునకు గురుతు కాదు, వారి భగ్నమైన ఆశకు గురుతు. ఇది అడవిలోని దిబ్బ కాదు సుమీ. క్రైస్తవులు ఆరాధించు స్థలమున చేసిన భూస్థాపన.

ఇక పరిశుద్ధుడని దేశమంతయు గౌరవించిన కత్బర్టు సంగతి చూడుడి. ఈయన ఉత్తర ఇంగ్లండులో లిండిస్ఫార్న్ అను చోట బిషప్పు. కొంచెముతో తృప్తిపొంది, సముద్రములోని చిన్న దీవిలో ఒంటరిగా ప్రార్థనలో గడపి, 687లో అక్కడనే మరణించెను. అట్టి భక్తుని పెట్టెలో ఏమున్నది? 1104లో దానిని తెరచినప్పుడు యోహాను సువార్త వ్రాసిన చిన్న చేతివ్రాత పుస్తకము దొరికెను. అది ఎనిమిదవ శతాబ్దపు ఆరంభమున వ్రాయబడినది. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. 1827లో మరల తెరచినప్పుడు ఆయన వస్త్రముల మడతలలో ఎర్రరాళ్లు పొదిగిన బంగారు సిలువ కనబడెను. దంతపు దువ్వెనయు, వెండి రేకు తొడిగిన చిన్న కఱ్ఱ బలిపీఠమును ఆయనతోకూడ ఉండెను. వస్తువులున్న సమాధి అన్యునిదే యని పలికినయెడల కత్బర్టును మొదట వెలివేయవలసి వచ్చును.

దీనికి ఎదురైన దృష్టాంతమును ఉన్నది. ఇంగ్లండు తూర్పు తీరమున సఫోక్ సీమలో సటన్ హూ అను చోట కొన్ని పాత దిబ్బలు కలవు. ఆ పొలము ఈడిత్ ప్రెట్టి అను విధవరాలిది. ఆమె కోరికమీద బేసిల్ బ్రౌన్ అను సామాన్యుడు, పెద్ద చదువులు చదువని వాడు, 1939లో అన్నిటికంటె పెద్ద దిబ్బను త్రవ్వెను. ఇసుకలో ఇనుప మేకులు వరుసలుగా కనబడెను. కఱ్ఱ పూర్తిగా కుళ్లిపోయినను, మేకులు తమ స్థలములు విడువలేదు. వాటిని కదలింపక ఓపికగా మట్టి తీయగా సుమారు 90 అడుగుల పొడవుగల ఓడ ఆకారము బయటపడెను. ఒక రాజును ఓడతోకూడ పాతిపెట్టిరి! దాని నడుమ గదిలో ఖడ్గము, డాలు, శిరస్త్రాణము, 412 గ్రాములకు పైగా తూగు బంగారు కట్టు, 37 బంగారు నాణెములుగల సంచి ఉండెను. వాటి నడుమనే సిలువ గురుతు చెక్కిన పది వెండి గిన్నెలును, గ్రీకు అక్షరములతో పేర్లు చెక్కిన రెండు వెండి గరిటెలును ఉండెను. ఒక గరిటెమీద పౌలు అను పేరున్నది.

ఈ సమాధి తూర్పు ఆంగ్లుల రాజైన రెడ్వాల్డుది కావచ్చునని అనేక పండితులు తలంతురు. ఈ రాజును గూర్చి 731లో సంఘచరిత్ర వ్రాసి ముగించిన బీడ్ అను భక్తుడు ఒక మాట తెలుపుచున్నాడు. రెడ్వాల్డు కెంటు రాజ్యములో బాప్తిస్మము పొందెను గాని, ఇంటికి వచ్చిన తరువాత భార్యయు కొందరు బోధకులును అతని మనసు త్రిప్పిరి. అప్పుడతడు ఒకే గుడిలో క్రీస్తుకు ఒక బలిపీఠమును, పూర్వపు దేవతలకు మరియొక చిన్న పీఠమును నిలిపెనట. సిలువ గురుతుగల గిన్నెలు సమాధిలో నున్నంత మాత్రమున హృదయములో ఒకే బలిపీఠ మున్నదని చెప్పగలమా?

కాబట్టి ప్రియ చదువరులారా, సమాధిలోని వస్తువు రెండు వైపులను మనలను మోసపుచ్చగలదు. కత్తి యున్నచోట విశ్వాసముండవచ్చును. సిలువ యున్నచోట రెండు పీఠములుండవచ్చును. యెష్షయి కుమారులను చూచినప్పుడు సమూయేలువంటి ప్రవక్తయే ఎత్తును రూపమును చూచి పొరబడెను గదా. హృదయమును లక్ష్యపెట్టువాడు యెహోవా యని అతడు ఆ దినమున నేర్చుకొనెను. నేడు పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ విషయములో మనకంటె జాగ్రత్తగా మాటలాడుచున్నారు. "ఇతడు క్రైస్తవుడు, ఇతడు కాడు" అని వస్తువును బట్టి చెప్పుటకు వారు వెనుకాడుదురు. మట్టిని చదువుటలో ఆరితేరినవారు సంశయించు చోట, గుంట చుట్టు నిలిచిన మనము తొందరపడి తీర్పు చెప్పుట తగునా?

"అయితే సంఘము దీనిని నిషేధింపలేదా?" అని ఎవరైన అడుగవచ్చును. ఆ కాలపు సంఘ సభల తీర్మానములు మిగిలియున్నవి. 535లో క్లెర్మోం అను పట్టణమున కూడిన సభ, దేవుని బల్లకు సంబంధించిన వస్త్రములతో శవమును కప్పకూడదని నిర్ణయించెను. దేవుని పనికి ప్రత్యేకింపబడిన వస్తువు మనుష్యుని గౌరవమునకు వాడబడకూడదని వారి చింత. గాని తల్లి పెట్టిన పూసలను, భార్య పెట్టిన దువ్వెనను గూర్చి ఆ సభలు గట్టి నిషేధములు చేసినట్లు కనబడదు. శాసనము కఠినమైనది మరియొక చోట. సుమారు 785లో షార్లెమేను రాజు తాను జయించిన సాక్సనులకు ఒక చట్టము విధించెను. పూర్వాచారము చొప్పున శవమును దహించినవానికి మరణశిక్ష! బాప్తిస్మము పొందక దాగియుండువానికిని మరణశిక్షయే. ఆ రాజు కొలువులోని గొప్ప బోధకుడైన ఆల్క్విన్ దీనికి సంతోషింపలేదు. విశ్వాసము ఇష్టపూర్వకమైనదనియు, మనుష్యుని విశ్వాసమునకు ఆకర్షింపవచ్చును గాని బలవంతపెట్టరాదనియు ఆయన 796లో తన లేఖలలో స్పష్టముగా తెలిపెను. శాసనము శవము పోవు త్రోవను మార్చగలదు. ఏడ్చువారి హృదయమును మార్చలేదు. ఖడ్గముతో చేయలేని పనిని గుంటయొద్ద గద్దింపు చేయునా?

ఇంకొక సంగతి మనము మరువరాదు. ఇంగ్లండులో వస్తువులతో పాతిపెట్టు ఆచారము సుమారు 680 తరువాత ఇంచుమించు నిలిచిపోయెను. అప్పటినుండి సమాధులు బోసిగా కనబడుచున్నవి. అయితే ధనవంతులు ఆ దినమునుండి దీనులైరా? లేదు. సమాధిలోనికి పోవుచుండిన ధనము వేరు త్రోవలు పట్టెను. భూములను మఠములకు వ్రాసియిచ్చి, తమ ఆత్మల కొరకు నిత్యము ప్రార్థనలు జరుగునట్లు ఏర్పరచుకొనిరి. దేవాలయములోపల, పరిశుద్ధుల సమాధుల దాపున, చోటు సంపాదించుకొనిరి. ఇచ్చినవారిలో నిజమైన భక్తులు లేకపోలేదు. గాని ధనమిచ్చి పరలోకములో స్థలము కొనవచ్చునను తలంపు, ఖడ్గము పెట్టిన తలంపుకంటె మంచిదా? బోసి సమాధి వినయమునకు రుజువు కాదు. సున్నము కొట్టిన సమాధులను గూర్చి మన ప్రభువు పరిసయ్యులతో పలికిన మాట మనకు తెలియును.

ఇక్కడ మనలను మనము పరీక్షించుకొందము. బీద విధవరాలు గుప్పిటిలో పెట్టిన రూపాయి బిళ్లను చూచి మనము గద్దింతుము. కలిగినవాడు సమాధుల దొడ్డిలో పాలరాతి సమాధి కట్టించి, తన యింటి పేరును బంగారు రంగుతో వ్రాయించినయెడల, దానిని మెచ్చుకొని ప్రతిష్ఠకు పోయి భోజనము చేసి వత్తుము. ఈ రెంటిలో ఏది యెక్కువ అన్యాచారము? మృతునికి మేలు కలుగునని భ్రమపడిన ముసలి అవ్వదా? బ్రదికియున్నవారు చూడవలెనని చేసిన ధనవంతునిదా?

అట్లయిన సమాధిలో వస్తువులు పెట్టుట మంచిదేనా? అట్లనుటలేదు. ఆ వస్తువులు మృతులకు ఏమి మేలు చేసెనో ఆ సమాధులనే అడుగుదము. సటన్ హూ దిబ్బను తెరచినప్పుడు వస్తువులన్నియు పెట్టినచోటనే యుండెను. ఓడ ఒక్క అడుగైన ముందుకు సాగలేదు. ఒక్క నాణెమైన ఖర్చు కాలేదు. ఖడ్గము తన ఒరకే తుప్పుతో అతుకుకొని పోయెను. శిరస్త్రాణము ఐదు వందలకు పైగా ముక్కలై దొరికెను. బంగారము మాత్రము నిన్న చేసినట్లు మెరయుచుండెను. మరి రాజు? ఆ నేల పులుపు గుణము శరీరమును పూర్తిగా కరగించివేసెను. వెదకినవారికి దేహమే కనబడలేదు. తుప్పును గూర్చి ప్రభువు కొండమీద చెప్పినదానికి ఇంతకంటె వేరు వ్యాఖ్యానము కావలెనా?

దొంగలను గూర్చిన మాటకును సాక్ష్యమున్నది. టూర్ పట్టణపు బిషప్పై 594లో మరణించిన గ్రెగొరీ తన చరిత్రలో ఒక సంగతి వ్రాసెను. గుంట్రామ్ బోసో అను అధిపతి భార్యకు బంధువైన ఒక స్త్రీ బిడ్డలు లేక మరణించెను. మెట్స్ నగరము దాపుననున్న దేవాలయములో ఆమెను విస్తారమైన నగలతోను బంగారముతోను పాతిపెట్టిరి. కొన్ని దినములకు ఒక పండుగనాడు జనులు బయటికి పోయిన సమయము చూచి, ఆ గుంట్రాము సేవకులే వచ్చి సమాధి తెరచి దొరికినదంతయు దోచుకొనిరి. దోచినవారు దారిన పోవు దొంగలు కారు, సొంత బంధువుల మనుష్యులు! భూస్థాపన దినమున కన్నీరు కార్చిన యింటిలోనే ఆ బంగారము మీద కన్ను పడెను.

ఇట్లు సమాధిలోని ధనము తుప్పు పట్టెను, దొంగిలబడెను, లేదా ఊరకే పడియుండెను. మృతుని వెంట పోయినది మాత్రము ఒక్కటియు లేదు. అట్లయిన అది అంతయు వ్యర్థమేనా? ఇక్కడ సటన్ హూ కథలో కడపటి భాగమును చెప్పవలెను. ఆ బంగారము ఎవరికి చెందవలెనని ప్రశ్న వచ్చెను. ఆ దేశపు అప్పటి చట్టము ప్రకారము, మరల తీసికొనవలెనని దాచిన ధనము, మన లంకెబిందెలవంటిది, రాజ్యమునకు చెందుచుండెను. తిరిగి తీసికొను తలంపు లేక విడిచిన ధనము ఆ నేల యజమానునికి చెందుచుండెను. 1939 ఆగస్టు 14న సటన్ గ్రామములో జూరీ కూర్చుండి విచారించెను. ఓడను కొండమీదికి లాగి, జనులందరి యెదుట పెట్టి, మీద దిబ్బ పోసిరి గనుక, దీనిని మరల తీసికొనవలెనను తలంపు పెట్టినవారికి లేదని వారు నిర్ణయించిరి. ధనమంతయు ఆ విధవరాలిదాయెను. ఆమె దానిలో ఏమియు ఉంచుకొనక, అంతయు దేశప్రజలు చూచుటకు బ్రిటిష్ మ్యూజియమునకు ఇచ్చివేసెను.

తిరిగి పొందు ఆశ లేక ఇచ్చినది! న్యాయస్థానము పలికిన ఈ మాటను మనము తేలికగా విడువరాదు. నిరాశ చేసికొనక, తిరిగి వచ్చునని కనిపెట్టక ఇయ్యుడని ప్రభువు లూకా సువార్తలో నేర్పెను గదా. ఆ అన్యులు, సగము మారినవారు, తమ యొద్దనున్న శ్రేష్ఠమైనదానిని తిరిగి రాదని తెలిసియే మట్టిపాలు చేసిరి. వారి జ్ఞానము తప్పైనను, వారి చెయ్యి మాత్రము పిసినిగొట్టు చెయ్యి కాదు. బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు, మున్నూరు దేనారముల లెక్క వేసినవాడు యూదా. ఆమె దానిని తన భూస్థాపన దినమునకు ఉంచుకొనెనని చెప్పి ఆమెను విడువుమనినవాడు క్రీస్తు. దుఃఖించు ప్రేమయొద్దకు లెక్కల పుస్తకముతో పోవువాడు ఎవని ప్రక్కన నిలిచియున్నాడో ఆలోచించుకొనవలెను.

అయితే మరియ చేసినదానిలో ఒక భేదమున్నది, దానిని గమనించుడి. ఆమె ప్రభువు బ్రదికియుండగా పోసెను. ఆయన పాదములు ఆ చల్లదనమును ఎరిగెను. ఇల్లు ఆ వాసనతో నిండెను. తరువాత ఆదివారము తెల్లవారుజామున కొందరు స్త్రీలు సుగంధ ద్రవ్యములు పట్టుకొని సమాధియొద్దకు వచ్చిరి. వారి ప్రేమ తక్కువది కాదు. గాని వారి ద్రవ్యములకు పని లేకపోయెను. సమాధి ఖాళీగా నుండెను. ప్రభువు తనకు చుట్టిన నారబట్టలనైనను వెంట తీసికొనక అక్కడనే విడిచి లేచెను. మన సమాధులలో పెట్టిన సమస్తమునకు ఆ మడతపెట్టబడిన బట్ట జవాబు. లేచువానికి సమాధిలోని సామాను అక్కరలేదు.

కావున ఇయ్యవలసినది ఇయ్యుటకు సమయము పెట్టె మూయు గడియ కాదు, దానికి ముందున్న దినములే. బీడ్ అను ఆ చరిత్రకారుడు దీనిని ఎరిగెను. 735లో ఆయన మరణశయ్యమీద నుండి యోహాను సువార్తను తన జనుల భాషలోనికి త్రిప్పుచుండెను. కడపటి దినమున తన చిన్న పెట్టెను తెప్పించెను. అందులో నున్నదేమి? కొన్ని మిరియములు, కొన్ని చేతిగుడ్డలు, కొంచెము సాంబ్రాణి. మఠములోని పాదిరులను త్వరగా పిలిపించి, దేవుడు తనకిచ్చిన ఈ చిన్న కానుకలను వారికి తన చేతులతోనే పంచిపెట్టెను. ఆయన సమాధికి పోవుటకు ముందే ఆయన పెట్టె ఖాళీయాయెను. సటన్ హూ రాజు ఓడ కంటె ఈ మిరియముల పెట్టె ధనము గొప్పది కాదా?

అపొస్తలుల కార్యములలో తబితా మరణించినప్పుడు, విధవరాండ్రు ఆమె ప్రక్కన ఏమి పెట్టిరి? ఏమియు పెట్టలేదు. ఆమె తమకు కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను చూపుచు ఏడ్చిరి. ఆమె సామాను సమాధిలో కాదు, బీదల వీపులమీద నుండెను. కత్బర్టు చేసినదియు ఇట్టిదే. వెర్కా అను మఠాధిపురాలు ఆయనకు ఒక నారబట్ట పంపెను. జీవించినంత కాలము దానిని ధరింపక, ఆమె ప్రేమ నిమిత్తము దాచుకొని, తన శవమును దానితో చుట్టుడని ఆయన చెప్పెనని బీడే వ్రాసెను. ఆ బట్ట మహిమ కొరకు కాదు, భయము కొరకు కాదు. ఒక సహోదరి ప్రేమ కొరకు.

ఇప్పుడు మన గ్రామములోని పెట్టెయొద్దకు మరల వత్తము. వస్తువును కాదు, దానిని పెట్టిన చేతి వెనుకనున్న కారణమును చూడవలెను. ప్రేమవలన పెట్టినదైతే, పలకను ఉండనియ్యుడి. ఆ పలక పరలోకమునకు పోదు, దానివలన పరలోకమునకు అడ్డమును రాదు. భయమువలన పెట్టినదైతే, చనిపోయినవాడు ఆకలిగొనునని గాని తిరిగి వచ్చి పీడించునని గాని యెంచి పెట్టినదైతే, ఆ భయమును తీసివేయవలెను. గాని గుంటయొద్ద నలుగురిలో చేయి పట్టి లాగుటవలన భయము పోదు. పది దినములైన తరువాత ఆ యింటి అరుగుమీద కూర్చుండి, పునరుత్థానమును గూర్చి మెల్లగా చెప్పుటవలన పోవును. బైబిలు పెట్టగోరు విధవరాలితో, "అమ్మా, అయ్యగారు గీతలు గీసి చదివిన ఈ పుస్తకమును నీ మనుమడు చదివిన మేలు కాదా?" అని అడుగవచ్చును. ఆమె ఒప్పుకొనకపోయినయెడల బలవంతపెట్టవద్దు. కత్బర్టు పెట్టెలోని సువార్త ఎవరి విశ్వాసమును చెరుపలేదు. ఇక డంబము కొరకు పెట్టినదైతే, అది పెట్టె లోపల నున్నను వెలుపల నున్నను, దానినే పెద్దలు గట్టిగా గద్దింపవలెను. అప్పు చేసి సమాధి కట్టించి పిల్లలను వడ్డీకి అమ్ముకొనువానిని మన సంఘములు మెచ్చుకొనుట మానవలెను.

అన్నిటికంటె ముఖ్యముగా మనము ఇంటికి పోయి చేయవలసినదొకటి కలదు. మీ తల్లికి ఇయ్యదలచిన చీరను ఆమె లేచి నిలిచి కట్టుకొనగలిగినప్పుడే ఇయ్యుడి. మీ సహోదరునితో చెప్పవలసిన క్షమాపణ మాటను ఆయన చెవి వినగలిగినప్పుడే చెప్పుడి. అనాథకు పెట్టవలసిన అన్నమును, మీ జ్ఞాపకార్థమని ఎవరో పెట్టుదురని కనిపెట్టక, మీ చేతితోనే నేడు పెట్టుడి. అట్లు చేసినవాని పెట్టెలో బంధువులు ఏమి పెట్టినను పెట్టకపోయినను చింతలేదు. ప్రభువు రాకడ దినమున సమాధులు తెరువబడినప్పుడు, సామాను అక్కడనే విడిచి మనము లేచిపోదుము. అంతవరకు మనకు అప్పగింపబడిన మిరియముల పెట్టెను మూతవేసి ఉంచుకొనక, పంచిపెట్టు కృపను దేవుడు మనకందరికిని దయచేయును గాక.